రెండో పిడికెడు

మా పెద్దత్త చనిపోయిందన్న మాట నాకు టమాటా చేలో ఉండగా తెలిసింది. పొద్దున్నే కాయ కోస్తున్నాం. నాకు ఆడబిడ్డ వరసయ్యే అమ్మాయి గట్టు మీద పరుగున వచ్చి, "వదినా, పెద్దమ్మ లేయలేదు" అంది. "నిద్రపోతాందేమో, రాత్రి దగ్గుతాన్నింది కదా" అన్నాను. ఆ పిల్ల అక్కడే నిలబడింది. అప్పుడు అర్థమైంది. చేతిలోని కాయల్ని బాక్సులో వేసే నడిచాను. కింద పారేసి పరుగెత్తి ఉంటే పెద్దత్త ఊరుకునేది కాదు. "ఏడ్చేది ఏడువు, కాయను మాత్రం నేలపాలు చేయాకు" అనేది.

జ్ఞాపకార్థ కూడిక రోజు చర్చిలో నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. నలుగురి ముందు నిలబడితే నా గొంతు నాకే వినబడదు. లేచాను, కొంగు సర్దుకున్నాను, మళ్లీ కూర్చున్నాను. పాస్టరయ్యగారు మంచివారు, వెంటనే పాట ఎత్తుకున్నారు. ఆ రోజు చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి దాకానే. తప్పులుంటే చదివేవాళ్లు సర్దుకోవాలి.

ఆమె మా ఆయనకు పెద్దమ్మ, అంటే వాళ్లమ్మకు అక్క. మా సొంత అత్త నా పెళ్లికి ముందే పోయింది. మా ఆయనను పెంచింది ఈమే. పత్తికొండ దగ్గర మా పల్లెలో ఆమె ఇల్లు, మా ఇల్లు ఒకే వాకిట్లో ఉంటాయి. ఎకరం చిల్లర మాది, బోరు మాది. ఆమెకు భూమి లేదు. కూలికి పోయేది, నాలుగు మేకలు మేపేది. ఆ మేకల్ని తిట్టేటప్పుడు ఊళ్లో పెద్దమనుషుల పేర్లు పెట్టి తిట్టేది. "అబ్బో, సర్పంచు గారు ఈ గడ్డి తినరంట" అని ఒకదాన్ని తోలేది. నేను కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో నోరు విప్పేదాన్ని కాదు. ఆమె మాత్రం నా తరఫున కూడా తానే మాట్లాడేసుకునేది. "ఏమ్మే, కూరలో ఉప్పు చాలిందా? చాల్లేదా? చాల్లేదంటాండావు కదా, నీ మొకమే చెప్తాంది" అని నవ్వేది.

ఆమె చెప్పినవన్నీ సరిగ్గా జరిగేవని కాదు. ఒకసారి "రేపు ధర లేస్తాది, ఈ పొద్దు కోయొద్దండి" అంది. మర్నాడు ధర సగానికి పడింది. మా ఆయన ఆమె వైపు చూస్తే, "నాకేమన్నా మండీలో మేనమామ ఉండాడా చెప్పేదానికి?" అని తానే ముందు నవ్వేసింది.

మా కష్టం మొదలైంది రెండేళ్ల కిందట. మా ఆయన పత్తికొండ మార్కెట్ నుంచి మోటరు బండి మీద వస్తూ జారిపడ్డాడు. కాలు విరిగింది. కర్నూలులో రాడ్డు వేశారు. నా చెవుల కమ్మలు, గొలుసు బ్యాంకులో పెట్టాం. ఆయన మంచంలో ఉండగానే బోరు మోటరు కాలిపోయింది. నాటిన నారు మా కళ్ల ముందే వాడిపోతోంది. కూలికి నేనొక్కదాన్నే పోతున్నాను. ఇల్లు నడవాలి, మందులు కొనాలి, బండికి నెలనెలా ఫైనాన్సు కంతు కట్టాలి. పొదుపు సంఘంలో తీసుకున్నాం. చాలక, పంట మీ మండీకే తోలుతామని మాటిచ్చి మండీ షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకున్నాం. అదీ చాలక వారం వడ్డీకి ఇచ్చే ఒకాయన దగ్గర చెయ్యి చాపాం. ఇక ఒకరి దగ్గర తెచ్చి ఇంకొకరికి కట్టడమే పని. సోమవారం తెచ్చినది గురువారానికి ఎటు పోయిందో తెలిసేది కాదు.

ఇంత జరుగుతున్నా మేము ఎవరికీ చెప్పలేదు. ఒకే వాకిట్లో ఉన్న పెద్దత్తకు కూడా సగమే తెలుసు. మా ఆయనకు నామోషీ, నాకు సిగ్గు. వాకిట్లో చెప్పుల చప్పుడు వింటే చాలు, ఇద్దరం మాట ఆపేసేవాళ్లం.

ఆ స్థితిలో కోత పండుగ వచ్చింది. తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా చర్చిలో ఏటా పంటలు ఇంటికొచ్చే కాలంలో ఈ పండుగ చేస్తాం. ఎవరి చేలో పండింది వాళ్లు తెచ్చి బల్ల ముందు పెడతారు. జొన్న కంకులు, కోడి, గుమ్మడికాయ, ఏదైనా సరే. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడతారు. పదిరూపాయల వస్తువును ఐదొందలకు పాడినా ఎవరూ వింతపడరు. పాడిన దుడ్లు అప్పుడే ఇవ్వనక్కరలేదు, క్రిస్మస్‌లోపు ఇస్తే చాలు. అందుకే నోళ్లు లేస్తాయి. ఎవరు ఎంతదాకా పాడారన్నది మళ్లీ పండుగ దాకా ఊళ్లో చెప్పుకుంటారు.

ఆ రోజు మా ఆయన చేతికర్రతో వచ్చి మగవాళ్ల వైపు ముందు వరసలో కూర్చున్నాడు. ఆయనకు మేనత్త కొడుకు ఒకాయన ఉన్నాడు, లారీ నడుపుతాడు, మా ఆయన పిలిచినట్టే ఇంట్లో అందరం లారీ బావ అంటాం. ఇద్దరికీ చిన్నప్పటి నుంచి పోటీ. గుమ్మడికాయ పాటకు వచ్చింది. వాళ్లిద్దరూ ఎత్తుకున్నారు.

"ఏం బావా, కాలుకే గదా రాడ్డేసింది, నోటికి కూడా వేసినారా?" అన్నాడు లారీ బావ.

"నువ్వు పాడప్పా, నీ నోరెంతదాకా లేస్తాదో నేనూ చూస్తా" అన్నాడు ఈయన.

ఐదొందలు దాటింది. వెయ్యి దాటింది. మగవాళ్లు ఈలలు వేస్తున్నారు. పెద్దత్త ఆడవాళ్ల వైపు నా పక్కనే కూర్చుని ఉంది. నా చెవిలో, "ఏమ్మే, నీ మొగుడు గుమ్మడికాయ కొంటాండాడా, గుమ్మడి తోట కొంటాండాడా?" అంది. నేను నవ్వలేదు. రెండు వేలు దాటింది. ఆమె నా ముఖం చూసింది.

"యాడివి దుడ్లు?" అని మెల్లగా అడిగింది.

"వడ్డీ ఆయన్నే అడుగుతాడేమో" అన్నాను. ఏడుపు ఆపుకోవడానికి నేల చూస్తున్నాను. "ఆయనవే ఇంకా కట్టాల. షావుకారుకూ ఇయ్యాల. అందరికీ ఇయ్యాల."

ఆమె మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. నేను కొంగు పట్టుకుని లాగాను, ఆగలేదు.

"అయ్యగారూ, ఆ పాట కొట్టేయండి" అంది. చర్చి మొత్తం వినబడింది. "వాడు ఇయ్యలేడు. మోటరు కాలిపోయింది, చేను ఎండుతాంది, మెడలోతు అప్పులో ఉండాడు. అప్పు చేసి ఇస్తే తీసుకునేదానికి దేవుడేమన్నా ఫైనాన్సోడా?"

ఈలలు వేసినవాళ్లంతా తల తిప్పి మా ఆయన వైపు చూశారు.  పాస్టరయ్యగారు, "సరేనమ్మా. అయితే అంతకుముందు పాట లారీ ఆయనది కాబట్టి, కాయ ఆయనకే" అన్నారు.

లారీ బావ ఎగిరిపడ్డాడు. "అయ్యో, నాకేంటికి సామీ అంత రేటుకు? నేను ఆయన్ని ఎక్కించేదానికి పాడినా!"

అప్పుడు లేచింది నవ్వు. పాస్టరయ్యగారు కూడా బైబిలు అడ్డం పెట్టుకుని నవ్వారు. చివరికి పాట మొదటికి వచ్చింది. పెద్దత్త యాభై రూపాయలకు ఆ కాయ పాడుకుని, అక్కడికక్కడే కొంగు ముడి విప్పి దుడ్లు కట్టింది. మధ్యాహ్నం అందరికీ గుమ్మడికాయ పులుసు వండారు. అందరూ తిన్నారు, ఒక్క మా ఆయన తప్ప. ఆయన కర్ర పొడుచుకుంటూ ఒక్కడే ఇంటికి వెళ్లిపోయాడు.

"సంఘంలో నా మానం తీసింది" అని ఆయన ఆమెతో మాట్లాడడం మానేశాడు. ఆ కోపంలోనే సుగ్గి మేస్త్రీకి కబురు పెట్టాడు. మా వైపు చేలు ఎండితే గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి కుటుంబాలకు కుటుంబాలే పోతాయి. దాన్ని సుగ్గి అంటాం. ఇంటికి తాళం వేసి, గిన్నెలు, గోనెలు, పిల్లలతో సహా బండి ఎక్కుతాం. పిల్లల బడి ఆ రోజుతో ఆగుతుంది. నా చదువు ఐదో తరగతితో ఆగింది అలాగే. మా పాప అప్పుడు నాలుగో తరగతి. మా ఆయన ఆ కాలుతో కూలి చేయలేడు. కాబట్టి నేను, పాప పోవాలి. పాపను చేలోకి దించకపోయినా, అక్కడ గుడిసె దగ్గర వంటకు, నీళ్లకు ఒక మనిషి కావాలి కదా. మేస్త్రీ అడ్వాన్సు తెచ్చి గూట్లో పెట్టాడు. "ఆదివారం లోపల మాట చెప్పండి, లేదంటే వేరేవాళ్లకు ఇస్తా" అని పోయాడు.

మర్నాడు పెద్దత్త మా గడప దాటి లోపలికి వచ్చింది. మా ఆయన మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"అలిగినోన్ని అలగనీ. నువ్వు చేట తే మే" అంది నాతో. ఒళ్లో నుంచి చింతపిక్కలు గుమ్మరించింది. "ఎవురెవురికి ఇయ్యాలో చెప్పు. దాచాకు. దాచేదానికే మీకు శానా ఖర్చయింది."

నేను చెబుతుంటే ఆమె ఒక్కొక్కరికి ఒక్కో కుప్ప పెట్టింది. ఎక్కువ తినేవాళ్లకు పెద్ద కుప్ప. బ్యాంకుది చిన్న కుప్పే. పొదుపు సంఘానిదీ అంతే. నేను బెంగపడి చస్తున్న మోటరు వైండింగుకు అయితే గుప్పెడు పిక్కలు కూడా పట్టలేదు. వారం వడ్డీ ఆయన కుప్ప, బండి ఫైనాన్సు కుప్ప మాత్రం చేట అంచు దాటాయి. నేను నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాను. నా తలలో అన్నీ కలిసి ఒకే కొండలాగా ఉన్నాయి. ఇలా విడదీసి నేనెప్పుడూ చూడలేదు.

"సూడు మే, బండి మోటరు కంటే ఎక్కువ తింటాంది. పోనీ నీళ్లేమన్నా తోడుతాందా?" అంది.

గోడ వైపు నుంచి మాట వచ్చింది. "బండి అమ్మేది లేదు."

"అమ్మొద్దులే నాయనా. నీ కాలు నిలిచేదాకా అది యాడికి పోతాది? గోడకానుకొని కూర్చోని కంతులు తింటా ఉంటాది. దాన్ని చూసుకుంటా నువ్వుండు, పాప మిరపకాయల కాడికి పోతాది."

 ఆయన ఇటు తిరిగి చేట వైపు చూశాడు. "ఆ రోజు ఆ మాట నా చెవిలో చెప్పుంటే పోయేది కదా పెద్దమ్మా" అన్నాడు.

"చెవిలో చెప్తే వినే మనిషివా నువ్వు?" అంది. ఆయన పెదవి మీదికి నవ్వు వచ్చి ఆగింది. నాకు అది చాలు అనిపించింది.

బండిని కొన్నది ఎవరో కాదు, లారీ బావే. మిగిలిన కంతులు తాను కడతానని కాగితాలు మార్పించుకుని, మా చేతికి కొంత ఇచ్చాడు. "బావా, నీ కాలు బాగయినాక ఎప్పుడన్నా తోలుకో, పెట్రోలు మాత్రం నీదే" అన్నాడు. ఆ వచ్చినదంతా వారం వడ్డీ ఆయనకు కట్టి, ప్రోనోటు చించేయించుకున్నాం. ఆ సాయంత్రం వాకిట్లో చెప్పుల చప్పుడైంది. ఇద్దరం మాట ఆపలేదు. పాప వచ్చింది, అంతే.

ఇక మోటరు. పొదుపు సంఘంలో కొన్ని కంతులు ఆపి, వైండింగుకు కొంచెం ఇమ్మని అడగాలి. పెద్దత్తను అడగమన్నాను. "తోడొస్తా. నోరు మాత్రం నీదే" అంది. ఎంత బతిమాలినా వినలేదు. శనివారం మీటింగులో నన్ను ముందుకు తోసి, తాను వెనక గోడకు ఆనుకుని కూర్చుంది. అందరూ నా వైపే చూస్తున్నారు. మొదట నా మాట ఎవరికీ వినబడలేదు. "గట్టిగా చెప్పు మే, మేకలు కూడా ఇంతకంటే గట్టిగా అరుస్తాయి" అంది వెనక నుంచి. నాకు కోపం వచ్చింది. ఆ కోపంలో మొత్తం చెప్పేశాను. మోటరుకు ఎంత కావాలో, పంట ఎప్పుడు వస్తుందో, అప్పుడు ఎంత కట్టగలమో, అంతకంటే ఎక్కువ కట్టలేమన్నది కూడా.

లీడరమ్మ చేతులు కట్టుకుని విన్నది. "అబ్బా, నీకు గొంతుండాదా! ఇన్నేండ్లూ సంతకం పెట్టి పోతాంటే మూగదనుకుంటిమి" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వులో నన్ను కలుపుకున్నట్టే అనిపించింది తప్ప చిన్నబుచ్చినట్టు లేదు. "కంతులు ఆపుదాంలే, వైండింగుకూ ఇద్దాం. పంట రాగానే మాత్రం నువ్వే వచ్చి కట్టాల, నీ బిడ్డను పంపిస్తే ఒప్పుకోను" అంది.

శనివారం రాత్రి అన్నం తిన్నాక మా ఆయన గూట్లోని అడ్వాన్సు తీసి చూశాడు. మర్నాడు ఆరాధన అయ్యాక మేస్త్రీని పిలిచి అది తిరిగి ఇచ్చేశాడు.

కాయ చేతికి వచ్చేదాకా కొన్ని నెలలు చాలా ఇరుకుగా గడిచాయి. ఆ నెలల్లో నాకు ఒక సంగతి తెలిసింది. మా చర్చి సంఘంలో ఆడవాళ్లం వండే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేస్తాం. ఆదివారం చర్చికి తీసుకుపోతాం. అందరిళ్లలో ఉన్నదే. పెద్దత్త మాత్రం రెండు పిడికిళ్లు తీసేది. మొదటిది చర్చికి, రెండోది మూలనున్న మట్టికుండలోకి. ఎన్నో ఏళ్లుగా అంతేనట. కుండ నిండితే పాత బియ్యం తాను వండుకుని, బియ్యం కొనక మిగిలిన కూలి దుడ్లు పోస్టాఫీసులో వేసుకునేది. ఆ కుండ మా ఇంటికి వచ్చింది. మేం తిన్నది ఆ బియ్యమే.

"ఇది ఎవరి కోసం పెద్దత్తా?" అని అడిగాను.

"చెప్పకుండా వచ్చేదాని కోసం" అంది. "కాలు విరిగేది, మోటరు కాలేది, అవేమన్నా నిన్నడిగి వస్తాయా? మొదట తీసి పెట్టాల మే. తిన్నాక ఏం మిగులుతాది పెట్టేదానికి?"

పంట వచ్చాక ఆ బియ్యం కొలిచి ఇవ్వబోతే తీసుకోలేదు. "నాకొద్దు. నీ ఇంట్లో ఒక కుండ పెట్టుకో" అంది. పెట్టాను. బియ్యానికి తోడు, కాయ తోలిన ప్రతిసారి ఒక బాక్సు దుడ్లు ముందే తీసి డబ్బాలో వేయడం కూడా ఆమె అలవాటు చేసినదే. బండి బాడుగ, మందు బాకీ, ఇంటి సరుకులు, అన్నీ ఆ తర్వాతే. మొదట్లో మా ఆయన గొణిగేవాడు. "ఇయ్యాల్సినోళ్లు వాకిట్లో నిలబడి ఉంటే నువ్వు డబ్బాలో వేస్తాండావు" అనేవాడు. ఒక పంటకు ధర ఎంత పడిందంటే కాయను రోడ్డు పక్కన పారబోశాం. ఆ పంటకు డబ్బాలో పడింది తక్కువే, కానీ పడింది. షావుకారు అడ్వాన్సు తీరిపోయాక మళ్లీ తీసుకోలేదు. అందుకని ఏ మండీలో నాలుగు రూపాయలు ఎక్కువుంటే అక్కడికి తోలుకునే వీలు వచ్చింది. బ్యాంకు నుంచి నా కమ్మలు వచ్చాయి. గొలుసు ఇంకా రాలేదు, వస్తుంది.

మొన్న వానాకాలంలో గాలికి మా ఇంటి రేకులు లేచిపోయాయి. మా ఆయన అలవాటు కొద్దీ చొక్కా వేసుకుని, ఎవరిని అడగాలా అని వాకిట్లో నిలబడ్డాడు. నేను డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆయన మూత తీసి, నన్ను చూసి, "ఎవురినీ అడగొద్దా?" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖంలో ఉన్న తేలిక నేను మరిచిపోలేను. పెద్దత్త తన గడప మీద కూర్చుని మా రేకుల వైపు చూస్తూ, "ఈసారి మేకులు గట్టియి కొట్టండి" అంది. 

ఆమె సమాధి ఖర్చులో మా వంతు మేము అప్పు చేయకుండా పెట్టగలిగాం. లారీ బావ పెట్టె తెచ్చాడు. ఆయనే అందరికంటే ఎక్కువ ఏడ్చాడు.

కూడిక అయిన మరుసటి వారం సుగ్గి బండ్లు కదిలాయి. నేను కాయల బాక్సు నెత్తిన పెట్టుకుని రోడ్డు దాకా వచ్చాను. మా పాప ఇప్పుడు ఆరో తరగతి, పక్క ఊరి హైస్కూలుకు నడుచుకుంటూ పోతోంది. లారీ మూటల మీద, గిన్నెల మధ్య కూర్చున్న ఒక వదిన నన్ను చూసి, "ఏం మే, ఈ ఏడూ రావా?" అని కేకేసింది.

"రాను వదినా! కాయ ఉండాది, కోయాల!" అని అరిచాను. రోడ్డుకు అటువైపున్న వాళ్లు కూడా తలెత్తి చూశారు.

రోడ్డంచున ముందు నడుస్తున్న పాపను లారీ దాటింది. వెనక డాలా తలుపు దగ్గర పాపతో కలిసి చదివే పిల్ల ఒకతి కూర్చుని ఉంది. ఆ పిల్ల ఏదో అడిగింది, మా పాప లారీ వెంట పరుగెత్తుతూ ఏదో చెప్పింది. దుమ్ములో నాకు వాళ్ల మాటలు వినబడలేదు. మలుపు దాకా ఇద్దరూ అరుచుకుంటూనే ఉన్నారు. తర్వాత లారీ కనబడలేదు. పాప కాసేపు అక్కడే నిలబడింది. వీపు మీది సంచి సర్దుకుంది. బడి వైపు నడిచింది.